నజ్రాన్ తోటలో వంకర గది

1990 ఫిబ్రవరిలో నన్ను యాన్బు నుంచి రియాద్‌కు మార్చారు. అప్పటికి ఆరేళ్ళుగా యాన్బులో పైపులు వెళ్ళే దారులు, పంపుల కింది పునాదులు గీసుకుంటూ బతుకుతున్నాను. రియాద్‌లో మలాజ్ అనే పేటలో ఉన్న మా కంపెనీ డ్రాయింగ్ ఆఫీసులో సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్ చోటు ఖాళీ అయింది. నా భార్య సుగుణ రియాద్‌లోనే ఒక ఆస్పత్రిలో నర్సు. పండక్కీ పబ్బానికీ కలుసుకునే మొగుడూ పెళ్ళాలం ఒక కప్పు కింద ఉండొచ్చని, జీతం పెరగకపోయినా ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను.

డ్రాయింగ్ ఆఫీసులో మెట్లు ఎలా ఉంటాయో ముందే చెప్పాలి. అన్నిటికన్నా కింద ట్రేసర్. వేరేవాళ్ళు పెన్సిల్‌తో గీసినదాన్ని పల్చటి కాగితం మీద ఇంకుతో దిద్దడం అతని పని. ఆపైన డ్రాఫ్ట్స్‌మన్, ఆపైన నాబోటి సీనియర్, మా అందరి నెత్తిన ఆర్కిటెక్టు. ఆర్కిటెక్టు కొలతలు ఇస్తాడు, మేం గీస్తాం. కొలత తప్పనిపిస్తే అడగొచ్చు గానీ మార్చడానికి వీల్లేదు. ఆర్కిటెక్టు పైన కఫీల్, అంటే ఆఫీసు యజమాని, మా వీసాలకు పూచీ పడ్డ మనిషి. మా పాస్‌పోర్టులు ఆయన బీరువాలో ఉండేవి. ఆ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డు మా జేబులో ఉన్నా, అది చెల్లేది ఆయన దయ ఉన్నన్నాళ్ళే. మా కఫీల్‌ను అందరూ అబూ సాలెం అనేవాళ్ళు. పెద్దగా అరిచే మనిషి కాదు. అరవాల్సిన అవసరం ఆయనకు ఎప్పుడూ రాలేదు.

ఆర్కిటెక్టు ఆష్బీ అనే ఇంగ్లీషాయన. వెనకాల మేం దొర అనేవాళ్ళం. ఒక మంత్రిత్వ శాఖకు కడుతున్న పెద్ద ఆఫీసు భవనం ఆయన పేరు చూసే మా కంపెనీకి వచ్చింది. పనిలో నిక్కచ్చి. నా లైను పని ఆయనకు నచ్చింది. నెల తిరక్కుండానే ఒక సాయంత్రం నన్ను ఉండమని, అట్టపెట్టెలోంచి ఫోటోలూ కొలతల కాగితాలూ తీసి బల్ల మీద పరిచాడు. అది వాళ్ళ ఊరి చర్చి. పైకప్పు దూలాలకు పురుగు పట్టిందట, బాగు చేయాలంటే ముందు కొలిచి గీసిన పటాలు కావాలట. సెలవుల్లో పరంజా ఎక్కి కొలతలన్నీ తనే తీసుకున్నాడు. గీసే తీరిక లేదు. నన్ను గీసిపెట్టమన్నాడు.

నేను బాపట్ల దగ్గర ఊళ్ళో పుట్టిన క్రైస్తవుణ్ణి. మా చర్చి రేకుల షెడ్డు లాంటిది, ముందువైపు సున్నం కొట్టిన గోపురం ఒకటి. రియాద్‌లో అదీ లేదు, ఆ దేశంలో చర్చి కట్టడమే నేరం. శుక్రవారాలు ఎవరో ఒక నర్సు ఫ్లాట్‌లో కిటికీ తెరలు లాగేసి, గొంతు పైకి లేవకుండా పాటలు పాడుకునేవాళ్ళం. అలాంటి చోట కూర్చుని చర్చి పటం గీయడం నాకు భయమూ సంబరమూ కూడా అయింది. దొర జాగ్రత్తగానే ఉన్నాడు. ఎక్కడా శిలువ గుర్తు వేయొద్దన్నాడు. బలిపీఠం గీయొద్దన్నాడు. పటం పేరు ‘హాలు, సి రకం’ అని రాయించాడు. గంటలుండే బురుజు పక్కన ‘నీళ్ళ ట్యాంకు’ అని రాయించాడు.

ఆ చర్చి గురించి చెప్పకపోతే ఈ కథ చెప్పి ప్రయోజనం లేదు. పడమట బురుజు. దానికి అతుక్కుని జనం కూర్చునే పొడుగాటి హాలు, దాన్ని నేవ్ అంటారు. తూర్పు కొసన ఒక మెట్టు ఎత్తులో చిన్న గది, అది చాన్సెల్, గురువు నిలబడే చోటు. దక్షిణాన వాకిలి, వాకిలికి చిన్న పంచ. గోడలు రెండు మూరలకు పైగా మందం. పైకప్పు బరువుకు గోడ బయటికి తోసుకుపోకుండా మధ్యమధ్యన బట్రెస్‌లు, అంటే గోడకు ఆనించి కట్టిన రాతి దిమ్మెలు. ఇదంతా ఒకరు కట్టింది కాదు. నేవ్ ఒక శతాబ్దంలో, చాన్సెల్ ఇంకో శతాబ్దంలో, బురుజు ఆ తర్వాతెప్పుడో. ఏ కాలం వాళ్ళు ఆ కాలపు కిటికీ పెట్టుకుంటూ పోయారు. సన్నగా సూదిలా ఉన్న కిటికీ పక్కనే వెడల్పాటి కిటికీ ఉంటుంది. ఎవరికీ అభ్యంతరం లేదు.

కాంక్రీటు చదువు చదివిన నాకు ఇది మింగుడు పడలేదు. మొదటిసారి దూలాల కట్టు గీసినప్పుడు, రెండు దూలాల మధ్య ఎడం ఒక్కోచోట ఒక్కోలా ఉందని, సర్ది అన్నీ సమానంగా గీశాను. దొర చూసి ఎర్రబడ్డాడు. ఆ కట్టడంలో మూలమట్టానికి నిలిచే మూల ఒక్కటి కూడా లేదు, నువ్వు కొత్తగా పెట్టకు అన్నాడు. అన్నిటికన్నా విచిత్రం చాన్సెల్. నేవ్‌కు తిన్నగా ఉండదు, కొద్దిగా ఉత్తరానికి వంగి ఉంటుంది. శిలువ మీద క్రీస్తు తల వాలినట్టు కావాలనే అలా కట్టారని ఊళ్ళో చెప్పుకుంటారట. తన మాటకొస్తే, పాతదాని పక్కన కొత్తది కట్టేటప్పుడు తాడు సరిగ్గా పట్టలేదంతే అని దొర నవ్వాడు. ఆ వంపును మాత్రం వెంట్రుకవాసి తేడా రాకుండా మూడుసార్లు గీయించాడు.

మే నెలలో అబూ సాలెం మా గదిలోకి వచ్చాడు. మామూలుగా రాడు. నా బల్ల మీద పైకప్పు అడ్డకోత పటం ఉంది. మధ్యలో నిట్టనిలువు స్తంభం, దాన్నించి రెండు పక్కలకూ విల్లులా వంగిన కొయ్యలు. ఆయన చాలాసేపు చూశాడు. ఇదేమిటని దొరను అడిగాడు. హాలు అన్నాడు దొర. ఆ మాట అబద్ధం కాదు, నిజమూ కాదు. యెమెన్ సరిహద్దు దగ్గరి నజ్రాన్‌లో తన ఖర్జూరం తోటలో అతిథుల కోసం ఒక హాలు కట్టించాలనుకుంటున్నాననీ, ఇదే కావాలనీ అన్నాడు అబూ సాలెం.

అప్పుడు దొర ఇంకో పటం గీయిస్తానని ఉంటే ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. ఆయన కళ్ళు మెరిశాయి. తప్పకుండా అన్నాడు. కఫీల్ వెళ్ళాక నేను ఇది మంచిది కాదండీ అన్నాను. రాయికీ కొయ్యకూ మతం ఉండదని జవాబిచ్చాడు. బురుజు, పంచ అన్నీ ఉన్నవి ఉన్నట్టే దించమన్నాడు, ఏసీ గొట్టాలు తప్ప కొత్తగా ఏమీ చేర్చలేదు. దిక్కు కూడా మార్చలేదు. చాన్సెల్ తూర్పుకే, వంపు ఉత్తరానికే. తర్వాత తెలిసింది, ఇంగ్లీషువాళ్ళ కాంపౌండులో విందుల్లో ఈ సంగతి చెప్పుకుని పడీ పడీ నవ్వుకునేవాళ్ళట.

సుగుణకు చెప్తే కూర తరిగే కత్తి పక్కన పెట్టేసింది. “ఏవండీ, ఆయనకేం, విమానం ఎక్కి పోతాడు. పటం గీసింది మీ చెయ్యి కాదూ? మీకెందుకండీ ఈ పెంట?” అంది. పైవాడు ఇచ్చిన కొలత గీయడం నా ఉద్యోగం అన్నాను. “ఉద్యోగమా! కుక్కతోక పట్టుకుని గోదారి ఈదుతున్నారు మీరు,” అని మళ్ళీ కత్తి అందుకుంది.

ఆ వేసవిలో నజ్రాన్‌లో పని మొదలైంది. రాతి పనికి యెమెన్ మేస్త్రీలను పెట్టారు. ఆ చుట్టుపక్కల రాయి పట్టుకోవడంలో వాళ్ళ తర్వాతే ఎవరైనా. ఆగస్టులో ఇరాక్ కువైట్‌లోకి దిగింది. యెమెన్ ఎటువైపో తేలని మాటలు మాట్లాడిందని, చలికాలం వచ్చేలోగా యెమెన్ వాళ్ళందరినీ మూటాముల్లె కట్టించి పంపేశారు. బురుజు, నేవ్ గోడలు కిటికీ ఎత్తుకు లేచి ఆగిపోయాయి, చాన్సెల్ పునాది దగ్గరే ఉండిపోయింది. అప్పుడే కొత్తగా వచ్చిన మన మెట్‌పల్లి వైపు వాళ్ళను అక్కడికి తోలారు. వాళ్ళకు మేస్త్రీ నర్సయ్య. సిమెంటు ఇటుకలు కట్టినవాడే గానీ రాయి ఎరగడు. పడుతూ లేస్తూ నేర్చుకున్నాడు. ఆ గోడలో యెమెన్ వాళ్ళ చెయ్యి ఎక్కడ ఆగిందో, మనవాళ్ళ చెయ్యి ఎక్కడ మొదలైందో ఎవరైనా వేలు పెట్టి చూపించొచ్చు.

జనవరిలో యుద్ధం మొదలవక ముందే దొర ఇంగ్లండ్ వెళ్ళిపోయాడు. వాళ్ళ రాయబార కార్యాలయం వెళ్ళమందట. మా రాయబార కార్యాలయం ఏమందో మాకెవరూ చెప్పలేదు. వెళ్తూ నజ్రాన్ పటాల కట్ట నా చేతిలో పెట్టి, పని నువ్వే దగ్గరుండి చూడు, కొలతలు మాత్రం మార్చొద్దు అన్నాడు. అబూ సాలెం నన్ను నజ్రాన్ వెళ్ళమన్నాడు. సుగుణకు సెలవు దొరకలేదు. నర్సులు ఊరు దాటకూడదని ఆస్పత్రిలో ఆర్డరు. నేను యెమెన్ సరిహద్దులో ఖర్జూరం చెట్ల కింద భద్రంగా ఉన్నాను, ఆమె రియాద్‌లో క్షిపణి సైరన్ మోగినప్పుడల్లా ముఖానికి గ్యాస్ మాస్కు తగిలించుకుని రోగుల మంచాలు కిటికీల దగ్గర్నుంచి జరుపుతూ ఉంది. ఆ రోజుల్లో నాకు నా మీదే అసహ్యం వేసేది. టెలిఫోను కలిసినప్పుడు “మీ చర్చి ఎందాకా వచ్చింది?” అని అడిగేది. ఫోన్లో ఆ మాట అనొద్దని కసురుకునేవాణ్ణి.

చాన్సెల్ గోడలకు తాడు పట్టేటప్పుడు నర్సయ్య నా దగ్గరికి వచ్చాడు. “సారూ, కింద యెమనోళ్ళు వేసిన పునాది వంకరున్నది. గోడ గిట్లనే లేపితే రేపు నన్ను తిడ్తరు. సాపు జెయ్యమంటరా?” అన్నాడు. పటం విప్పి చూపించాను. వంకర వాళ్ళ తప్పు కాదు, కాగితంలోనే ఉంది అన్నాను. “కాగితంల ఎందుకున్నది మరి?” అన్నాడు. ఇంజినీరు పెట్టాడు, మనకు మార్చే అధికారం లేదన్నాను. “గదే మంచిగున్నది! వంకర ఆయనది, తిట్లు మనయి,” అని పోయి అలాగే కట్టాడు.

రంజాన్ ముగిసి, పండగ రోజు తోటలో విందు పెట్టారు. యుద్ధం అయిపోయిన సంతోషం కూడా కలిసింది. నేనూ నర్సయ్యా వంటపాత్రల వైపు నిలబడి ఉన్నాం. హాలు నిజంగానే అందంగా వచ్చింది. కొయ్యల మీద నూనె మెరుస్తోంది, సూది కిటికీల్లోంచి ఎండ గీతలుగా పడుతోంది. అందరూ తలలెత్తి చూస్తున్నారు. తూర్పున మెట్టు ఎత్తులో ఉన్న చిన్న గదిలో, అంటే బలిపీఠం ఉండాల్సిన చోట, అబూ సాలెం తన మెత్తలు వేయించుకుని కూర్చున్నాడు.

అబూ సాలెం మేనల్లుడు ఇంగ్లండులో నాలుగేళ్ళు చదువుకుని వచ్చినవాడు. లోపలికి వచ్చి పైకి చూశాడు. బయటికి వెళ్ళి బురుజు చూశాడు, పంచ చూశాడు. మళ్ళీ లోపలికి వచ్చి, నేవ్ పొడుగునా నడిచి, వంపు దగ్గర ఆగి నవ్వడం మొదలుపెట్టాడు. మామయ్యా, నువ్వు కట్టింది కనీసా అన్నాడు. కనీసా అంటే అరబ్బీలో చర్చి. ఆ మాట పెద్దగానే అన్నాడు. దగ్గరున్న నలుగురైదుగురు విన్నారు. అబూ సాలెం ఆ మెత్తల మీంచి లేచిన తీరు నేనింకా మర్చిపోలేదు. అన్నం అక్కడ వద్దని చాపలన్నీ చెట్ల కిందికి మార్పించాడు.

మర్నాడు నన్ను పిలిచి, గీసింది ఎవరని అడిగాడు. నేనే అన్నాను. నీ మతమేమిటని అడిగాడు. ఆయన బీరువాలోని పాస్‌పోర్టులో ఉన్నదే చెప్పాను. సంగతి బయటికి పొక్కితే మతశాఖ వాళ్ళు వస్తారు, నీకు ఫైనల్ ఎగ్జిట్‌తో పోదు, జైలు దాకా పోతుంది అన్నాడు. ఫైనల్ ఎగ్జిట్ అంటే మళ్ళీ తిరిగి రావడానికి లేకుండా దేశం దాటించడం. కొలతలు నావి కావు, ఆష్బీ గారివి అన్నాను. సరే, ఆయన వచ్చే వారం వస్తున్నాడు, నా ముందు ఆ మాట చెప్పనీ, నీ జోలికి రాను అన్నాడు. న్యాయమైన మాటే అనిపించింది. రియాద్ వెళ్ళే దారంతా దొర చెప్పాల్సిన ఆ ఒక్క వాక్యాన్ని నేనే మనసులో కూర్చి పెట్టుకున్నాను. పటం నాది. అంతే, రెండే మాటలు.

సుగుణ ఆస్పత్రి వీసా మీద ఉంది, నేను కంపెనీ వీసా మీద. నన్ను పంపేస్తే ఆమె ఒంటరిగా ఉండాలి, లేదా ఉద్యోగం వదిలేసి రావాలి. ఇద్దరు ఆడపిల్లలు గుంటూరులో హాస్టల్లో చదువుతున్నారు, వాళ్ళ చదువు ఆమె జీతం మీద నడుస్తోంది. నాకు ఆ కుర్చీ పోవడమంటే మా కాపురం మళ్ళీ రెండు ముక్కలవడమే.

దొర వచ్చిన రోజు మలాజ్ ఆఫీసులో ముగ్గురం కూర్చున్నాం. ఆయనకు కాఫీ ఇచ్చారు. అబూ సాలెం ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగాడు. దొర గొంతు సవరించుకున్నాడు. హాలు అనే ఆలోచన వరకే తనదన్నాడు. అలాంటి కొయ్య కప్పులు ఇంగ్లండులో గడ్డివాములు పెట్టుకునే కొట్టాలకు కూడా ఉంటాయన్నాడు. మిగతా వివరాలు తాను ఊళ్ళో లేనప్పుడు డ్రాఫ్ట్స్‌మన్ పెంచుకుంటూ పోయినట్టున్నాడన్నాడు. నా పేరు కూడా పలకలేదు. నెలల తరబడి సాయంత్రాలు పక్కన నిలబడి నా భుజం మీంచి వంగి చూసిన మనిషి, ఆ గదిలో కాఫీ కప్పు లోపలికే చూస్తూ మాట్లాడాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. భయం ఎటు పోయిందో తెలియదు. లేచి నిలబడి ఇంగ్లీషులోనే అడిగాను. నేను ఇంగ్లండ్ ఎన్నడూ చూడలేదు. మా ఊరి చర్చికి చాన్సెలే లేదు. తూర్పు గది ఉత్తరానికి వంగి ఉండాలని నాకెలా తెలుస్తుంది? బుద్ధున్న డ్రాఫ్ట్స్‌మన్ ఎవడూ గదిని సొంతంగా వంకరగా గీయడు. ఆ వంపు ప్రపంచంలో ఒక్క చర్చిలోనే సరిగ్గా అంత ఉంది, దాన్ని పరంజా ఎక్కి కొలిచిన మనిషి మీ ఎదురుగా కూర్చున్నాడు. కాదంటే, నేనెక్కడ కొలిచానో ఆయన్నే చెప్పమనండి.

దొర ముఖం పాలిపోయింది. కాఫీ కప్పు బల్ల మీద పెట్టేశాడు. గెలిచాననుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

అబూ సాలెం నా వైపు తిరిగాడు. అరబ్బీలో, దొరకు అర్థం కాకుండా, నాతో అన్నాడు: “అది నాకు మొదటి రోజే తెలుసు. కానీ మంత్రిత్వ శాఖ భవనం ఎవరు పూర్తి చేస్తారు? నువ్వా?” ఆయన గొంతులో కోపం లేదు. వెటకారమూ లేదు. బేరం అయిపోయాక సంచీ ముడి వేసుకునేవాడి గొంతు అది. ఖలాస్, అయిపోయింది, అన్నాడు. దొరకు ఇంకో కాఫీ పోశారు. నన్ను వెళ్ళి నా బల్ల సర్దుకోమన్నారు.

ఎగ్జిట్ కాగితాలు తయారయ్యేలోగా నన్ను మళ్ళీ నజ్రాన్ పంపారు, పైకప్పు ఏ వరసలో విప్పాలో నర్సయ్యకు చూపించడానికి. గీసినవాడే విప్పించాలట. కొయ్యలను కట్టిన వరసకు తలకిందులుగా దించాం. బురుజు పగలగొట్టేటప్పుడు యెమెన్ వాళ్ళు పేర్చిన రాళ్ళు గునపానికి లొంగలేదు. మనవాళ్ళు కట్టినవి తొందరగానే ఊడాయి. నర్సయ్య చేతులు దులుపుకుంటూ నా పక్కన కూర్చున్నాడు. “మీరు గీసిండ్రు, మేం కట్టినం, ఇప్పుడు మేమే కూలగొడ్తున్నం. ఆ తెల్లాయన ఏం జేసిండు సారూ?” అన్నాడు. నేను లేచి అతని గునపం అందుకున్నాను. నర్సయ్య గుంపును ఆ తర్వాత ఇంటికి కాకుండా యాన్బు పనికి పంపారు. ఒక విధంగా అతని అదృష్టం. అతన్ని కూడా దేశం దాటిస్తే కూలగొట్టేవాడు ఉండడు కదా.

సుగుణ ఎయిర్‌పోర్టుకు రాలేదు. డ్యూటీ మార్చుకోవడం కుదరలేదు. పొద్దున్నే వెళ్తూ నా చొక్కా కాలరు సర్ది, “మీరు ఆ మాట అడిగారు చూడండి, నాకదే చాలండీ,” అంది. నాకు చాలలేదు. ఇప్పటికీ చాలలేదు.

గుంటూరు వచ్చి, పిల్లల్ని హాస్టల్ మాన్పించి దగ్గర పెట్టుకుని, ఒక ప్రైవేటు కంపెనీలో చేరి, కంప్యూటర్లు వచ్చాక ఆ పనీ నేర్చుకుని, రిటైరయ్యేదాకా ఇళ్ళ ప్లాన్లు గీశాను. నా కింద పనిచేసిన డ్రాఫ్ట్స్‌మన్లకు ఈ సంగతి చెప్పేవాణ్ణి. ఎవరు చేశారని పెద్దవాళ్ళు అడిగినప్పుడు, చాలాసార్లు వాళ్ళకు జవాబు ముందే తెలుసు. వాళ్ళు అసలు తేల్చుకుంటున్నది ఎవరు పోతే పని ఆగదు అన్న సంగతి. నా దగ్గర రుజువు ఉంది, దాన్ని ఎవరూ కాదనలేదు కూడా. రుజువు కావాలని అక్కడ ఎవరూ అడగలేదు, అంతే. సుగుణ ఆ తర్వాత ఇంకో తొమ్మిదేళ్ళు రియాద్‌లోనే పనిచేసింది.